అలికిడి లెక్క

దారికి అడ్డంగా రెండు గుర్రాలు చచ్చిపడి ఉంటాయి. ఒంట్లో నల్ల ఈకల బాణాలు దిగి ఉంటాయి. జీను సంచులు అప్పటికే ఎవరో దోచేశారు. దారికి అటూ ఇటూ దట్టమైన పొదలు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో ఎవరో ఒకరు ఉండబట్టలేక ‘నేను దగ్గరికెళ్లి చూస్తా’ అంటారు. అంతే, పొదల్లోంచి గాబ్లిన్లనే పొట్టి రాక్షసులు నలుగురు లేస్తారు. 2014లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ స్టార్టర్ సెట్‌లో వచ్చిన ‘లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్’ అనే సాహసకథలో మొదటి పోరు ఇదే. ఎంతోమంది కొత్త ఆటగాళ్లు ఈ ఆటలోకి అడుగుపెట్టింది ఈ దారి మీదుగానే. నక్కి ఉండటంలో ఎంత బలం ఉందో వాళ్లకు ముందు తెలిసింది ఎదుటివాడి దెబ్బ తినే.

‘స్ట్రేంజర్ థింగ్స్’ సిరీస్ చూసినవాళ్లకు ఈ ఆట రూపురేఖలు కొంత తెలిసే ఉంటాయి. ఒకరు డంజన్ మాస్టర్. అందరూ ముద్దుగా డీఎం అంటారు. అతను ఊళ్లు, గుహలు, రాక్షసులు, కాపలావాళ్లు అన్నిటినీ కళ్లకు కట్టేలా చెబుతాడు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్రను నడుపుతారు. పాత్ర తలపెట్టిన పని జరుగుతుందో లేదో అనుమానంగా ఉన్నప్పుడు ఇరవై ముఖాల పాచిక వేసి, ఆ పనిలో పాత్రకున్న నేర్పు అంకెను దానికి కలుపుతారు. మొత్తం లక్ష్యాన్ని అందుకుంటే పని అయినట్టు. అలాంటి నేర్పుల్లో ఒకటి స్టెల్త్. చడీచప్పుడు లేకుండా నడవడం, ఎదుటివాడి కంటపడకుండా నక్కడం దాని పని.

ఈ నేర్పు మీద ఆటగాళ్లలో తరతరాల తగాదా ఉంది. ఇది లేకపోతే గుహలో అడుగు పెట్టలేమనేది ఒక వాదం. ఎంత పెంచుకున్నా చివరికి కత్తులు దూయక తప్పదు కాబట్టి దండగ అనేది ఇంకో వాదం. ఇద్దరూ సొంత అనుభవంతోనే మాట్లాడుతున్నారు, ఇద్దరి అనుభవమూ నిజమే. ఎందుకంటే స్టెల్త్ విలువ క్యారెక్టర్ షీట్ మీదున్న అంకెలో లేదు. పాచిక ఎన్నిసార్లు వేయిస్తారు, ఎవరెవరి చేత వేయిస్తారు, అది పడకపోతే ఏం జరుగుతుంది అనే మూడు విషయాల్లో ఉంది. ఆ మూడూ బల్ల బల్లకీ మారతాయి.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటను తెచ్చినప్పుడు అందులో దొంగ లేడు. ఉన్నవి మూడే వర్గాలు: యోధుడు, మాంత్రికుడు, పూజారి. కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో ఏరో హాబీస్ అనే దుకాణం ఉండేది. అక్కడ ఆడేవాళ్ల బుర్రలో పుట్టిన దొంగ పాత్ర ఆలోచన గైగాక్స్ చెవిన పడింది. ఆయన దాన్ని తనదైన తీరులో మలిచి, 1975లో వచ్చిన గ్రేహాక్ అనుబంధంలో చేర్చాడు. 1979 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్ చివర ఆయన ఇచ్చిన పుస్తకాల పట్టికలో ఫ్రిట్జ్ లైబర్, జాక్ వాన్స్, రోజర్ జెలాజ్నీ ఉన్నారు. ముగ్గురి కథల్లోనూ కండబలం కంటే చాటుమాటు తెలివితో నెగ్గుకొచ్చే దొంగలు కనిపిస్తారు.

కథల్లో మెరిసిన ఆ దొంగ నియమాల్లోకి వచ్చేసరికి పాపం చాలా నీరసంగా తయారయ్యాడు. 1981లో టామ్ మోల్డ్‌వే కూర్చిన బేసిక్ పుస్తకంలో మొదటి లెవెల్ దొంగ చప్పుడు చేయకుండా నడవగలిగే అవకాశం 20 శాతం, నీడలో నక్కగలిగేది 10 శాతం. రెండూ కలిసి రావాలంటే 2 శాతం. అదే పుస్తకంలో హాఫ్లింగ్ అనే పొట్టి జాతివాడు గుహలో కదలకుండా ఉంటే ఆరు ముఖాల పాచిక మీద 1 గానీ 2 గానీ పడితే చాలు, ఎవరికీ కనపడడు. అంటే మూడింట ఒక వంతు. నక్కడమే వృత్తిగా పెట్టుకున్నవాడి కంటే అది పుట్టుకతో అబ్బినవాడు మూడు రెట్లు మెరుగు! దొంగకు నిజంగా అక్కరకొచ్చేది 87 శాతం ఉన్న గోడలెక్కే విద్య ఒక్కటే. ఇంకో విశేషం ఉంది. నడక, నక్కడం, ఈ రెంటికీ పాచిక వేసేది డీఎం, అదీ తెర వెనక. దొంగ మాత్రం తాను ఎవరికీ కనపడలేదనే అనుకుంటాడు. కాపలావాడు తలతిప్పి చూసినప్పుడే సంగతి తెలుస్తుంది. ఆ తెలియకపోవడంలో ఉన్న ఉత్కంఠ ఇప్పటి నియమాల్లో చాలావరకు పోయింది. అది పోగొట్టుకోదగ్గది కాదు.

అంకెలు ఇంత తక్కువగా ఉన్నా ఆ రోజుల్లో చాటుమాటుకు గొప్ప విలువ ఉండేది. దానికి కారణం దొంగ నేర్పు పట్టికలో కాదు, పాత్ర లెవెల్ పెరగడానికి కావలసిన అనుభవ పాయింట్ల లెక్కలో ఉంది. గుహలోంచి బయటికి తెచ్చిన ప్రతి బంగారు నాణేనికీ ఒక పాయింటు. ఒక గాబ్లిన్‌ని చంపితే 5 పాయింట్లు. అంటే 200 నాణేల పెట్టె ఒక్కటి అలికిడి కాకుండా తెచ్చుకుంటే 40 మంది గాబ్లిన్లతో తలపడినంత ఫలితం. పైగా మొదటి లెవెల్ దొంగకు ప్రాణం మామూలుగా మహా అయితే 4 పాయింట్లు, ఒక్క కత్తివేటుకు సరి. అలాంటప్పుడు ఎవరు పోట్లాడతారు? దొంగ ఉన్నా లేకపోయినా బృందం మొత్తం దొంగల్లాగే ఆలోచించేది. కాపలా ఎప్పుడు మారుతుంది, వెనకదారి ఉందా, రాక్షసుణ్ణి తిండిపెట్టి మరిపించవచ్చా అని ఆరాలు తీసేవాళ్లు. 1989 నాటి రెండో ఎడిషన్‌లో బంగారానికి పాయింట్లివ్వడం డీఎం ఇష్టానికి వదిలేశారు. తర్వాతి ఎడిషన్లలో పోరుకే పెద్దపీట పడింది. నియమం దేనికి ఫలితమిస్తే ఆటగాళ్లు ఆ పనే చేస్తారు. స్టెల్త్ దండగ అన్న మాట గట్టిగా వినపడటం ఆ మార్పు తర్వాతే అంటే సబబుగానే ఉంటుంది.

నక్కి వెళ్లడం అనగానే చాలామందికి వెనకనుంచి కత్తి దింపడమే గుర్తొస్తుంది. నిజానికి అది చిన్న లాభం. అసలు లాభం సమాచారం. 1937లో వచ్చిన టోల్కీన్ ‘ది హాబిట్’లో బిల్బోను పనిలోకి తీసుకున్నదే కన్నం వేయడానికి. మొదటిసారి ట్రోల్ జేబు కొట్టబోతే ఆ సంచీయే నోరు తెరిచి అతన్ని పట్టిస్తుంది. తర్వాత స్మాగ్ అనే డ్రాగన్ గుహలోకి వెళ్లి మొదటిసారి ఒక పాత్ర ఎత్తుకొస్తాడు. దానితో ఒరిగిందేమీ లేదు, డ్రాగన్‌కు ఒళ్లు మండటం తప్ప. రెండోసారి వెళ్లినప్పుడు మాత్రం దాని ఎడమ రొమ్ము మీద కవచం లేని చోటు కంటపడుతుంది. ఆ కబురు ఒక పిట్ట ద్వారా బార్డ్ అనే విలుకాడికి చేరుతుంది, అతని బాణం సరిగ్గా అక్కడ దిగుతుంది. బిల్బో కత్తి ఎత్తలేదు. డ్రాగన్ చావుకు మూలం మాత్రం అతని చూపే. మన సుందరకాండలో హనుమంతుడు చేసిందీ ఇదే. పిల్లి అంత అయిపోయి, రాత్రిపూట లంకలో చొరబడి ఇల్లిల్లూ గాలించాడు. సీత జాడ తెలిశాకే, రావణుడి బలమెంతో చూద్దామని తనంతట తానే అశోకవనాన్ని విరగ్గొట్టి రచ్చ చేశాడు. చప్పుడు ఎప్పుడు మొదలవ్వాలో అతనే నిర్ణయించుకున్నాడు. స్టెల్త్ ఆటగాళ్ల చేతికిచ్చే అధికారం అదే.

ఇక ఎవరెవరి చేత పాచిక వేయిస్తారన్న సంగతికి వద్దాం. చాలా బల్లల దగ్గర స్టెల్త్ చచ్చిపోయేది ఇక్కడే.

ఐదో ఎడిషన్ 2014 నియమాలతో ఆడే ఐదుగురి బృందాన్ని తీసుకుందాం. అందరూ మొదటి లెవెల్. అందులో రోగ్, అంటే దొంగ, స్టెల్త్ అంకె 7. అడవి వేటగాడైన రేంజర్‌ది 5. మాంత్రికుడికి 2. ఇనుప గొలుసుల కవచం వేసుకున్న పాలడిన్ అనే ధర్మయోధుడికి, పొలుసుల కవచం వేసుకున్న పూజారికి సున్నా. పైగా ఆ కవచాలు గలగలమంటాయి కాబట్టి ఇద్దరూ రెండు పాచికలు వేసి తక్కువ పడినదాన్నే తీసుకోవాలి. ఎదురుగా కాపలా కాస్తున్నది ఒక మామూలు గాబ్లిన్. పాచిక వేయకుండానే లెక్కకు వచ్చే అతని గమనింపు, ఆట మాటలో పాసివ్ పర్సెప్షన్, 9. దాన్ని అందుకుంటే చాలు.

రోగ్ గట్టెక్కే అవకాశం 95 శాతం. రేంజర్‌కు 85, మాంత్రికుడికి 70. కవచాలవాళ్లకు చెరి 36. ఐదుగురూ విడివిడిగా పాచిక వేసి ఐదుగురూ నెగ్గితేనే దాటినట్టని డీఎం అంటే, ఈ ఐదింటినీ హెచ్చవేయాలి. వచ్చేది 7 శాతం. ఇక దాన్ని నేర్పు అని ఎవరంటారు? అదే పుస్తకంలో గుంపు పరీక్ష అని ఇంకో నియమం ఉంది. అందరూ పాచిక వేస్తారు, కనీసం సగంమంది నెగ్గితే బృందమంతా నెగ్గినట్టు. నేర్పున్నవాళ్లు లేనివాళ్లకు సైగ చేసి ఆపుతారు, ఎక్కడ కాలు పెట్టాలో చూపిస్తారు అని దాని భావం. ఆ లెక్కన ఇదే బృందం, ఇదే గాబ్లిన్ ముందు నుంచి, ఇవే పాచికలతో దాటే అవకాశం 79 శాతం.

7కీ 79కీ మధ్య ఉన్నది డీఎం నోటి మాట ఒక్కటే. ‘అందరూ స్టెల్త్ వేయండి’ అన్నాక, ఎవరో ఒకరు ఓడిపోగానే ‘అయితే దొరికిపోయారు’ అనేవాళ్లు చెడ్డ డీఎంలేమీ కాదు. అలవాటుగా అనేస్తారు. ఆ అలవాటే ఆ బృందాన్ని మెల్లగా ఎప్పుడూ తలుపులు బద్దలు కొట్టుకుంటూ పోయేవాళ్లుగా మార్చేస్తుంది. నాలుగు సార్లు పాలడిన్ కవచం గలగలలాడి అందరూ దొరికిపోయాక, ఐదోసారి ఎవరూ నక్కి వెళ్దామని అనరు. రోగ్ పాత్ర నడిపేవాడికి తాను పెంచుకున్న అంకెను చూస్తే దిగులేస్తుంది.

ఒక్కడే ముందు వెళ్లినా చిక్కు పూర్తిగా తీరదు. 95 శాతం అంటే ఓటమి లేదనిపిస్తుంది. కానీ గుమ్మం దగ్గర ఒకసారి, మెట్ల దగ్గర ఒకసారి, మలుపు తిరిగినప్పుడు ఒకసారి అని పదిసార్లు పాచిక వేయిస్తే చివరిదాకా దొరక్కుండా ఉండే అవకాశం 60 శాతానికి పడిపోతుంది. నేర్పు 80 శాతం ఉన్నవాడికైతే ఐదు పాచికలకే 33. మూడో ఎడిషన్, 2000 సంవత్సరంలో, ఈ బరువును ఇంకా పెంచింది. కనపడకపోవడం ఒక నేర్పు, వినపడకపోవడం ఒక నేర్పు. ఎదుటివాడికి చూడటం ఒకటి, వినడం ఒకటి. ప్రతి అడుగుకీ రెండు పందేలు. 2008లో నాలుగో ఎడిషన్, 2009లో పాత్‌ఫైండర్ అనే ఇంకో ఆట రెంటినీ కలిపి ఒక్క స్టెల్త్ చేశాయి. మంచి పని చేశాయి. దీనికి అన్నిటికంటే సూటి మందు కనిపెట్టింది మాత్రం ల్యూక్ క్రేన్ రాసిన ‘బర్నింగ్ వీల్’ అనే ఆట. పరిస్థితి నిజంగా మారేదాకా మొదట పడిన పాచికే చెల్లుతుంది, మళ్లీ వేయించకూడదు అని అందులో నియమం. కోటగోడ దాటేటప్పుడు పడిన అంకె కోట లోపలి గదిదాకా వెంట వస్తుంది. ఏ ఆట ఆడేవాళ్లైనా ఈ ఒక్క నియమాన్ని అరువు తెచ్చుకోవచ్చు, ఎక్కడా పొసగకపోవడం ఉండదు.

వెలుతురు సంగతి చాలామంది పట్టించుకోరు. దివిటీ చుట్టూ 20 అడుగుల దాకా బాగా వెలుగు, ఆపైన ఇంకో 20 అడుగులు మసక. చీకటి గుహలో దివిటీ పట్టుకుని నక్కడమంటే కుదిరే పని కాదు. గాబ్లిన్లకు 60 అడుగుల దాకా చీకట్లోనూ చూపు ఆనుతుంది, నిజమే. కానీ నియమం జాగ్రత్తగా చదివితే, కటిక చీకటి వాళ్లకు మసకగానే కనిపిస్తుంది తప్ప పట్టపగల్లా కాదు. మసకలో చూపుతో పసిగట్టడం కష్టం కాబట్టి గాబ్లిన్ 9 కాస్తా 4 అవుతుంది. అప్పుడు కవచం వేసుకున్న పాలడిన్ కూడా 72 శాతం సార్లు కంటపడకుండా దాటగలడు. దివిటీ ఆర్పడం ఒక్కటే అతని అవకాశాన్ని రెట్టింపు చేసింది. ఆ పాలడిన్ మనిషి అయితే అతనికి మాత్రం ముందున్న గొయ్యి కూడా కనపడదు. చీకట్లో చూడగల ఎల్ఫ్ చెయ్యి పట్టుకుని, తాడు చివర నడుముకు కట్టుకుని వెళ్లాలి. బల్ల దగ్గర ఇలాంటివి ఆలోచించుకునే ఆ అరగంటే ఈ ఆటలో అన్నిటికంటే రుచిగల సమయం.

పాచిక ఓడిపోతే ఏం జరగాలి? ‘ఇనిషియేటివ్ వేయండి’ అని, అంటే ఎవరి వంతు ముందో తేల్చమని, డీఎం వెంటనే పోరులోకి దిగితే స్టెల్త్ అంటే పోరుకు ముందు వేసే ఒక పాచిక మాత్రమే అవుతుంది. ఫాండెల్వర్ కథలోనే దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. గుర్రాల దగ్గర దెబ్బ తిన్నాక గాబ్లిన్ల జాడ పట్టుకుని వెళ్తే క్రాగ్‌మా గుహ వస్తుంది. లోపల పారే సెలయేటి మీదుగా, పైన ఒక వంతెన. దాని మీద ఒక గాబ్లిన్ కాపలా. బృందం అతని కంటపడితే మీద పడడు, లోపలివాళ్లకు సైగ చేస్తాడు. వాళ్లు కట్టివేసిన నీటిని వదులుతారు, సెలయేరు పొంగి వచ్చినవాళ్లను గుహ బయటికి ఈడ్చేస్తుంది. దొరికిపోవడానికీ కత్తులు కలవడానికీ మధ్య ఇక్కడ ఒక మెట్టు ఉంది. ఆ సైగ చూసినవాడు బాణంతో కాపలావాణ్ణి పడగొట్టవచ్చు, గోడ పట్టుకుని వేలాడవచ్చు. నీళ్లు వస్తాయని ఊహించి వెనక్కి పరిగెత్తవచ్చు. కాపలావాడు ‘ఎవర్రా అది?’ అని అరిచి రెండడుగులు ముందుకు వచ్చినప్పుడు పుట్టే ఆట, అతను నేరుగా కత్తి దూస్తే పుట్టదు.

2023 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ సినిమాలో రూపాలు మార్చుకోగల డోరిక్ అనే డ్రూయిడ్ ఈగగా మారి కోటలో దూరి, విలన్ల మాటలు వింటుంది. మంత్రగత్తె పసిగట్టేస్తుంది. ఆ తర్వాత ఎలుక, డేగ, లేడి అంటూ రూపాలు మార్చుకుంటూ ఆమె పారిపోయే పరుగు ఆ సినిమాకే ప్రాణం. నక్కడం విఫలమైంది. తెలుసుకోవలసింది మాత్రం అప్పటికే చెవిన పడింది.

2017లో జాన్ హార్పర్ తెచ్చిన ‘బ్లేడ్స్ ఇన్ ది డార్క్’ మొత్తం ఆటనే ఈ విషయం మీద కట్టింది. ఆటగాళ్లంతా దొంగల ముఠా. ఒక గుండ్రటి చక్రం గీసి నాలుగో ఆరో ఎనిమిదో ముక్కలు చేస్తారు. పొరపాటు జరిగిన ప్రతిసారీ కొన్ని ముక్కలు నింపుతారు. చక్రం నిండినప్పుడే గంట మోగుతుంది. ముఠా అంతా కలిసి నక్కి వెళ్లేటప్పుడు అందరూ పాచికలు వేస్తారు. అందరిలోకీ బాగా పడిన అంకె ఒక్కటే లెక్క. కానీ దారుణంగా ఓడిన ఒక్కొక్కరికీ ఒక్కో స్ట్రెస్ పాయింటు చొప్పున ముందు నడిచిన నాయకుడు భరించాలి. చెడ్డ పాచికే లెక్క అనేవాళ్ల బల్ల ఒకటి, సగంమంది నెగ్గితే చాలనే బల్ల ఒకటి, మంచి పాచికే లెక్క కానీ దాని ధర ఎవరో ఒకరు చెల్లించాలనే బల్ల ఒకటి. ఈ మూడింటిలో హార్పర్‌దే మెరుగు. తడబడుతున్నవాణ్ణి భుజం పట్టుకుని లాక్కెళ్లే మనిషి అలసట కూడా అందులో లెక్కకొస్తుంది. మిగతా రెండు పద్ధతుల్లో ఆ మనిషే ఉండడు.

రోగ్ ఒక్కడే ముందుకు వెళ్లినప్పుడు మిగతా నలుగురూ చేతులు కట్టుకుని కూర్చోవడం ఇంకో సమస్య. పావుగంటకు మించితే ఫోన్లు బయటికి వస్తాయి. దీనికి పెద్ద మందేమీ అక్కర్లేదు. వేగు చూసి రావడం ఒక్క పాచికతో, నాలుగు మాటల్లో తేల్చేయాలి. తెచ్చిన కబురుతో ఏం చేయాలన్న దాని మీద బృందమంతా ఎంతసేపైనా కూర్చోవచ్చు. మాంత్రికులు గుడ్లగూబను పంపో, అదృశ్య మంత్రం వేసో దొంగ పనిని లాగేసుకుంటారన్న ఫిర్యాదు కూడా పాతదే. అందులో నిజం లేకపోలేదు. కానీ గుడ్లగూబ తాళం తీయలేదు. అదృశ్యంగా ఉన్నవాడి అడుగుల చప్పుడు మాయం కాదు. డ్రూయిడ్లు మూడో లెవెల్‌కి వచ్చేసరికి అందుకునే ‘పాస్ వితౌట్ ట్రేస్’ మంత్రమైతే దొంగకు పోటీ కాదు, అండ. 30 అడుగుల లోపున్న అందరి అంకెకూ 10 కలుపుతుంది, గంటసేపు నిలుస్తుంది. పై లెక్కలో 36 శాతం దగ్గర కొట్టుమిట్టాడిన పాలడిన్ ఆ గాబ్లిన్ ముందు ఇక ఓడనే ఓడడు.

2024లో సవరించిన నియమాలు మళ్లీ దారి మార్చాయి. నక్కాలంటే ఎదుట ఎంత మొద్దు కాపలావాడున్నా పాచికా అంకే కలిపి 15కి చేరాలి. అదే పాలడిన్‌కు ఆ అవకాశం 9 శాతం, రోగ్‌కు 65. నెగ్గితే, వచ్చిన మొత్తమే వెతికేవాడికి లక్ష్యం అవుతుంది. గుసగుస కంటే పెద్ద చప్పుడు చేసినా, దాడి చేసినా, మంత్రం పైకి చదివినా దాపరికం పోతుంది. ఇంతవరకు బాగుంది, ఎప్పుడు దొరికిపోతారో స్పష్టంగా రాశారు. కానీ మాటు వేసి మీద పడితే దక్కే లాభాన్ని బాగా కోసేశారు. పాత నియమంలో ఆదమరిచి ఉన్న శత్రువు మొదటి రౌండులో కదలలేడు. కొత్తదాంట్లో అతని వంతు ఆలస్యంగా వచ్చే అవకాశం పెరుగుతుంది, అంతే. నిద్రమత్తులో ఉన్న కాపలావాడికీ కళ్లప్పగించి నిలబడ్డవాడికీ మధ్య 15 అన్న అంకె తేడా చూడదు. నిద్రపోయేవాడి ముందునుంచి వెళ్లడానికి అసలు పాచికే ఎందుకు అని అడగగల డీఎం ఉంటే ఈ నియమంతో ఇబ్బంది లేదు. పుస్తకంలో రాసింది రాసినట్టు నడిపేవాళ్ల దగ్గర మాత్రం కవచం వేసుకున్నవాళ్లు ఉన్న బృందం చాటుమాటును మరిచిపోవలసిందే.

అందుకే కొత్తగా రోగ్ పాత్ర రాసుకునేవాళ్లు పాయింట్లు పంచుకునే ముందే డీఎంను కొన్ని మాటలు అడిగి తెలుసుకోవాలి. ‘అన్నా, అందరం కలిసి వెళ్తే గుంపు పరీక్ష పెడతావా, విడివిడిగా వేయిస్తావా? కోట మొత్తానికి ఒకటే పాచికా, గుమ్మం గుమ్మానికీ ఒకటా? పోట్లాడకుండా పెట్టె తెచ్చుకుంటే అనుభవ పాయింట్లు వస్తాయా?’ గుంపు పరీక్షే, పాచిక ఒకటే, పాయింట్లు వస్తాయి అంటే ఉన్నదంతా స్టెల్త్‌లో పెట్టేయవచ్చు. విడివిడిగానే, గుమ్మం గుమ్మానికీ, చంపితేనే పాయింట్లు అంటే ఆ నేర్పును ఒక్కడు తిరగడానికి సరిపడా ఉంచుకుని, మిగతాది కత్తికీ, గోడలెక్కడానికీ ఖర్చు పెట్టడం మంచిది. ఇంకా ఆలోచించలేదు అని డీఎం అంటే, గుంపు పరీక్ష నియమం ఉన్న పేజీ తీసి ఆయన ముందు పెట్టి, పాలడిన్‌ను నడిపేవాణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడాలి. నిర్ణయంతో ఎక్కువ పని పడేది అతనికే.